తల నొప్పెడితే మొదట ఏం చూడాలి? విశాఖ పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలామంది ఒకే మాట రాశారు: "తల పగిలిపోతోంది, ఏ మాత్ర వేసుకోవాలి?" మాత్ర పేరు కన్నా ముందు తేలాల్సిన సంగతులు ఉన్నాయి. నొప్పి ఎలా మొదలైంది, ఎంతసేపు ఉంటోంది, దానితో పాటు ఇంకేం వస్తున్నాయి అన్నవే జబ్బును పట్టిస్తాయి. ఎంత గట్టిగా ఉందన్నది ఒక్కటే చూస్తే మోసపోతాం. గోడకు తల బాదుకోవాలనిపించే పార్శ్వపు నొప్పితో ప్రాణానికి ముప్పు ఉండకపోవచ్చు. "కాస్త బరువుగా ఉందంతే" అనిపించే నొప్పి వెనక పుర్రెలో రక్తం గడ్డ ఉండవచ్చు.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. నెలకు నాలుగైదు సార్లు కుడి కణత దగ్గర మొదలై కంటి దాకా పొడుస్తుంది. వెలుతురు చూడలేను. వాంతి అయితే గానీ తెరిపి ఉండదు. మా అత్తగారు పైత్యం అంటారు. తలంటు పోసుకున్న రోజు దాదాపు తప్పకుండా వస్తుంది. ఎంఆర్ఐ తీయించుకోవాలా?
— ఒక గృహిణి, ఎంవీపీ కాలనీ

మీరు రాసినవన్నీ మైగ్రేన్ లక్షణాలే. మనవాళ్లు పార్శ్వపు నొప్పి, ఒంటితల నొప్పి అనేది దీన్నే. దీన్ని గుర్తించడానికి స్కాన్ అక్కర్లేదు, ఒక లెక్క ఉంది. మందు వేసుకోకపోతే నొప్పి 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉండాలి. ఒక పక్కనే రావడం, నాడి కొట్టుకున్నట్టు పొడవడం, చేస్తున్న పని ఆపేసేంత తీవ్రంగా ఉండడం, మెట్లెక్కినా నడిచినా ఎక్కువ కావడం అనే నాలుగింటిలో రెండైనా ఉండాలి. వికారమో వాంతో ఉండాలి. అవి లేకపోతే వెలుతురు, చప్పుడు రెండూ భరించలేని స్థితి ఉండాలి. ఇలాంటివి కనీసం 5 సార్లు వచ్చి, వేరే కారణం కనిపించకపోతే అది మైగ్రేనే.

మీ అత్తగారు పైత్యం అనడానికి ఆధారం లేకపోలేదు. మైగ్రేన్ వచ్చినప్పుడు కడుపు కదలిక మందగిస్తుంది. తిన్నది కిందికి దిగదు, నోట్లో నీళ్లూరతాయి, వాంతి అయ్యాక చాలామందికి తెరిపిగా ఉంటుంది. దాంతో తప్పంతా కడుపుదే అనిపిస్తుంది. నిజానికి మొదలయ్యేది మెదడులో. కడుపు మందగించడం దాని పర్యవసానం. మాత్రలు పనిచేయడం లేదని చాలామంది చెప్పడానికి కూడా ఈ మందగింపే ఒక పెద్ద కారణం. నొప్పి ముదిరాక వేసుకున్న మాత్ర కడుపులోనే కూర్చుంటుంది, రక్తంలోకి ఎక్కదు. అందుకే "ఇంకాసేపు ఓర్చుకుందాం" అనుకోకుండా, ఇది అదే నొప్పి అని తెలిసిన అరగంటలోపే వేసుకోవాలి.

మోతాదు కూడా చాలాలి. పెద్దవాళ్లకు మైగ్రేన్‌లో 650 మిల్లీగ్రాముల పారాసిటమాల్ తరచుగా సరిపోదు; 1000 మిల్లీగ్రాములు, అంటే 500వి రెండు, ఒకేసారి వేసుకోవాలి. మళ్లీ వేసుకోవాలంటే ఆరు గంటలు ఆగాలి. రోజు మొత్తానికి 4 గ్రాములు దాటకూడదు. కాలేయ జబ్బు ఉన్నా, రోజూ మద్యం తాగే అలవాటున్నా, మనిషి బాగా బక్కగా ఉన్నా ఆ హద్దు ఇంకా తక్కువ. దానికి తగ్గకపోతే ఏదైనా తిన్నాక ఐబుప్రొఫెన్ 400 గానీ నాప్రోక్సెన్ 500 గానీ వాడతారు. అల్సర్, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, నొప్పి మాత్రలకు ఆయాసం వచ్చేవాళ్లు ఈ రెండూ సొంతంగా వేసుకోకూడదు. వికారం ఎక్కువగా ఉంటే డాక్టరు వాంతులు ఆపే మందు కలిపి రాస్తారు. అది కడుపును కదిలించి నొప్పి మాత్రను లోపలికి పంపుతుంది. ఇవేవీ రెండు గంటల్లో పనిచేయకపోతే మైగ్రేన్ కోసమే ఉన్న సుమాట్రిప్టాన్, రిజాట్రిప్టాన్ లాంటివి ఉన్నాయి. గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్లకు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లకు అవి పనికిరావు. కాబట్టి మందుల షాపులో అడిగి కొనుక్కునే మందులు కావవి.

తలంటు సంగతి మీ భ్రమ కాదు. తలస్నానం మైగ్రేన్‌ను రేపడం మన దేశంలో డాక్టర్లు తరచుగా చూస్తున్నదే. విశాఖలో సముద్రపు తేమకు ఒత్తు జుట్టు గంటల తరబడి ఆరదు. తడి జుట్టు ముడి వేసుకోకండి. ఖాళీ కడుపుతో తలంటు పోసుకోకండి. ముందు రెండు ఇడ్లీలైనా తినండి. ఆరబెట్టుకోవడానికి డాబా మీద ఎండలో నిలబడకుండా ఫ్యాను కింద కూర్చోండి. పూజ అయ్యేదాకా ఏమీ తినకపోవడం, ఎండ, తడి తల, మూడూ ఒకే పూట కలిసినప్పుడే చాలామందికి నొప్పి వస్తుంది. ఒక్కదాన్ని తప్పించినా ఆ పూట గడిచిపోవచ్చు.

నెలకు నాలుగైదు రోజులు అంటున్నారు గనక, వచ్చాక వేసుకునే మాత్రతో పాటు రాకుండా రోజూ వేసుకునే మందు గురించి కూడా అడగండి. అలాంటి మందులు నాలుగైదు ఉన్నాయి. వాటిలో ప్రొప్రనొలాల్ ఆస్తమా ఉన్నవాళ్లకు పనికిరాదు. ఫ్లునరిజిన్‌తో మగతగా ఉంటుంది, బరువు పెరుగుతారు. టోపిరమేట్‌తో వేళ్లకు తిమ్మిర్లు రావచ్చు, ఆకలి తగ్గుతుంది, కిడ్నీలో రాళ్లు వచ్చే అవకాశం ఉంది. అమిట్రిప్టిలిన్ రాత్రిపూట 10 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. నోరు ఎండుతుంది, నిద్ర పడుతుంది. పిల్లల్ని కనే ఆలోచన ఉంటే ముందే చెప్పాలి. వాల్‌ప్రోయేట్, టోపిరమేట్ కడుపులో బిడ్డకు హాని చేస్తాయి. వీటిలో ఏదైనా సరైన మోతాదులో కనీసం రెండు నెలలు వాడితే గానీ పనిచేసిందో లేదో తేలదు. రెండు వారాలు వేసుకుని "లాభం లేదు" అని మానేయడం మేం ఎక్కువగా చూసే పొరపాటు.

ఎంఆర్ఐ: డాక్టరు పరీక్షలో తేడా ఏమీ లేకపోతే, నొప్పి ఏళ్లుగా ఒకే తీరున వస్తుంటే అవసరం లేదు. రిపోర్టు నార్మల్ అని రాగానే "నీకేం లేదు, నటిస్తున్నావు" అనే ఇళ్లున్నాయి. మైగ్రేన్‌లో స్కాన్ నార్మల్‌గా ఉండడమే మామూలు, నొప్పి మాత్రం నిజం. ఒక్క విషయం: నొప్పికి ముందు 5 నిమిషాల నుంచి గంట దాకా కళ్ల ముందు మెరుపు గీతలు, వంకర టింకర వెలుగులు పాకితే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. అలాంటి మైగ్రేన్ ఉన్న ఆడవాళ్లు ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడితే పక్షవాతం ముప్పు పెరుగుతుంది.

ప్రశ్న: నాకు 42. స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ. రెండేళ్లుగా దాదాపు రోజూ తలనొప్పి. డ్యూటీకి వెళ్లే ముందు కెఫిన్ కలిసిన తలనొప్పి మాత్ర ఒకటి, ఒక్కోరోజు ఇంకో నొప్పి మాత్ర కూడా. వేసుకోకపోతే మధ్యాహ్నానికి తల దిమ్మెక్కిపోతుంది. ఇంకా గట్టి మాత్ర ఏదైనా ఉందా?
— ఒక కార్మికుడు, గాజువాక

గట్టి మాత్ర కాదండీ, మీకు కావాల్సింది మాత్రల నుంచి బయటపడే దారి. మీరు తలనొప్పికి మాత్ర వేసుకుంటున్నాననుకుంటున్నారు. ఇప్పుడు ఆ మాత్రలే తలనొప్పి తెస్తున్నాయి. మొదట్లో మీకున్నది మామూలు మైగ్రేనో, ఒత్తిడి నొప్పో అయి ఉండాలి. పదేపదే మందు పడడంతో నొప్పిని అణిచే మెదడు వ్యవస్థ తన పని తాను చేయడం తగ్గించుకుంటుంది. మందు దిగగానే నొప్పి ఎక్కుతుంది, మళ్లీ మాత్ర, మళ్లీ నొప్పి.

ఇక్కడ లెక్కపెట్టాల్సింది మాత్రల్ని కాదు, రోజుల్ని. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ లాంటి ఒకే మందు ఉన్న మాత్రలైతే నెలకు 15 రోజులు. కెఫిన్ లాంటివి కలిపిన మాత్రలు, ట్రిప్టాన్లు, ఎర్గోటమిన్, ట్రమడాల్, కొడీన్ అయితే నెలకు 10 రోజులే. మూడు నెలలకు మించి ఇంతగా వాడుతూ, నెలలో 15 రోజులు లేదా అంతకన్నా ఎక్కువ తలనొప్పి ఉంటే అది మందు అతిగా వాడడం వల్ల వచ్చిన తలనొప్పి. ఒకే రోజున నాలుగు మాత్రలు వేసుకోవడం కన్నా, రోజుకొకటి చొప్పున నెలంతా వేసుకోవడమే దీన్ని తెస్తుంది. "రోజుకొకటే కదా" అనే ధీమా ఇక్కడే దెబ్బతీస్తుంది.

గోడ మీది తెలుగు క్యాలెండరు దీనికి చాలా పనికొస్తుంది. తలనొప్పి వచ్చిన రోజు గడిలో ఒక అడ్డగీత, మాత్ర వేసుకున్న రోజు ఒక సున్నా, పక్కన ఏ షిఫ్టో రాయండి. నెల తిరిగేసరికి సున్నాలు లెక్కపెడితే మీ జబ్బు మీకే కనిపిస్తుంది. డాక్టరు దగ్గరికి ఆ కాగితం, వాడిన ఖాళీ స్ట్రిప్పులు పట్టుకెళ్లండి. "ఏదో తెల్ల మాత్ర" అంటే ఎవరికీ ఏమీ తెలియదు.

మీ లాంటి మాత్రల్ని ఒక్కసారే ఆపేయవచ్చు. ట్రమడాల్, కొడీన్ లేదా నిద్రమాత్రలు వాడేవాళ్లు మాత్రం అలా చేయకూడదు. డాక్టరు పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి. ఆపిన తర్వాత రెండు నుంచి పది రోజులు కష్టం: నొప్పి ముందుకన్నా ఎక్కువవుతుంది, వికారం, చిరాకు, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. చాలామంది మూడో రోజున ఓడిపోయి మళ్లీ మాత్ర అందుకుంటారు. అందుకే ఆ వారం సెలవు పెట్టుకోండి, నైట్ షిఫ్టు లేకుండా చూసుకోండి. ఆపే రోజు నుంచే నివారణ మందు మొదలుపెడితే గట్టెక్కేవాళ్లు ఎక్కువ. పూర్తి ఫలితం చూడడానికి రెండు నెలలు పడుతుంది. ఆ తర్వాత నొప్పి మాత్ర వారానికి రెండు రోజులు మించనివ్వకండి.

రెండేళ్ల మాత్రల తర్వాత కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష క్రియాటినిన్, బీపీ ఒకసారి చూపించుకోండి. మలం నల్లగా వస్తుంటే వెంటనే చెప్పండి. కొలిమి దగ్గర చెమట కారి ఒంట్లో నీరు తగ్గిన మనిషి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేసుకుంటే కిడ్నీల మీద దెబ్బ రెట్టింపవుతుంది.

మీరు అడగలేదు గానీ ఇది కూడా చెప్పాలి. ఒకే చోట పనిచేస్తున్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం వచ్చి, బయటి గాలికి వస్తే తగ్గితే అది కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కావచ్చు. బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్‌లో, కోక్ ఓవెన్ గ్యాస్‌లో అది ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. వేలికి పెట్టే ఆక్సీమీటరు ఈ విషయంలో అబద్ధం చెబుతుంది. మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని ఆక్సిజన్ ఉన్న రక్తంగా చూపి 98, 99 అంటుంది. ఆ అంకె చూసి మళ్లీ లోపలికి వెళ్లకండి. అందరూ బయటికి రావాలి, సేఫ్టీ వాళ్లకు చెప్పాలి, ఆసుపత్రిలో రక్తంలో కార్బాక్సీ హిమోగ్లోబిన్ కొలిపించాలి.

ప్రశ్న: మా పెద్దమ్మాయికి సిజేరియన్ అయిన తొమ్మిదో రోజున తలనొప్పి, వాంతులు మొదలయ్యాయి. బాలింత కదా అని నీళ్లు తక్కువ ఇస్తున్నాం. తర్వాత మూర్ఛ వచ్చింది. మెదడు సిరలో రక్తం గడ్డ అన్నారు. ఇప్పుడు కోలుకుంటోంది. రెండో అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. ముందే ఎలా గుర్తుపట్టాలి?
— ఒక తల్లి, పెందుర్తి

అమ్మా, మీ భయం సరైనదే. కాన్పు తర్వాత వచ్చే తలనొప్పిని "బాలింత నొప్పి" అని వదిలేయకూడదు. కాన్పులో రక్తం ఎక్కువ పోకుండా ఉండడానికి ఒళ్లే రక్తం త్వరగా గడ్డకట్టేలా చేసుకుంటుంది. ఆ స్థితి కాన్పయ్యాక కూడా కొన్ని వారాలు ఉంటుంది. దానికి తోడు నీళ్లు తగ్గించేస్తే రక్తం చిక్కబడి మెదడు సిరల్లో గడ్డ కట్టే ముప్పు పెరుగుతుంది. నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందని, పచ్చి ఒళ్లు చెమ్మగిల్లుతుందని చెప్పే మాటలు వినకండి. పాలిచ్చే తల్లికి దాహం తీరా, రోజుకు రెండున్నర నుంచి మూడు లీటర్ల నీళ్లు కావాలి.

గడ్డ వల్ల వచ్చే నొప్పి రోజురోజుకీ పెరుగుతుంది. వాంతులు, చూపు మసక, ఒక చెయ్యి గానీ కాలు గానీ పట్టు తప్పడం, మూర్ఛ దాని వెంట వస్తాయి. మామూలు సీటీ స్కాన్‌లో ఇది కనిపించకపోవచ్చు. సిరల్ని చూపే ఎంఆర్ వీనోగ్రామ్ అవసరమవుతుంది. రెండోది బీపీ. గర్భంలో 20 వారాలు దాటాక, కాన్పు తర్వాత ఆరు వారాల దాకా కూడా తలనొప్పి వస్తే ముందు బీపీ చూడాలి. 140/90 ఉంటే అదే రోజు డాక్టరుకు చూపించాలి. 160/110 ఉన్నా, కళ్ల ముందు మెరుపులు, పక్కటెముకల కింద కుడివైపు నొప్పి ఉన్నా గంట కూడా ఆగకూడదు.

మూడోది ప్రమాదం తక్కువది. వెన్నులో మత్తు ఇచ్చిన తర్వాత అయిదు రోజులలోపు వచ్చే నొప్పి లేచి కూర్చోగానే పట్టుకుంటుంది, పడుకుంటే నిమిషాల్లో తగ్గుతుంది. ఇది సాధారణంగా రెండు వారాల్లో సర్దుకుంటుంది. తగ్గకపోతే మత్తు డాక్టరు ఆమె రక్తమే కొంచెం తీసి వెన్నులో ఎక్కించి ఆ రంధ్రం మూస్తారు. కానీ ఈ మూడింటిలో ఏదో ఇంట్లో కూర్చుని తేల్చుకోవద్దు. ఆరు వారాల లోపు బాలింతకు కొత్తగా తలనొప్పి వస్తే ఆసుపత్రిలోనే తేల్చుకోవాలి.

ప్రశ్న: వయసు 29, మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సాయంత్రానికి తల చుట్టూ గుడ్డ బిగించి కట్టినట్టు, మెడ పట్టేసినట్టు ఉంటుంది. వాంతులు లేవు. హెల్మెట్ వల్లనా?

రెండు వేరు వేరు నొప్పులు కలిసి ఉండవచ్చు. మీరు వర్ణించింది ఒత్తిడి తలనొప్పి, అన్నిటికన్నా ఎక్కువమందికి వచ్చేది. రెండు పక్కలా బిగిస్తుంది, అరగంట నుంచి వారం దాకా ఉండవచ్చు, నడిస్తే పెరగదు, పని ఆపించదు. హెల్మెట్ నొప్పిని తేల్చడం తేలిక: పెట్టుకున్న గంటలోపు మొదలై, తీసిన గంటలోపు పోవాలి. నుదుటి మీద ఎర్రటి గీత పడుతుంటే సైజు చిన్నది. కనుబొమలకు ఒక అంగుళం పైన టేపు చుట్టి కొలిచి, ఆ సెంటీమీటర్ల లెక్కన కొత్తది తీసుకోండి. సరైన హెల్మెట్‌ను పట్టుకుని కదిపితే చెంపల చర్మం దానితో పాటు కదలాలి, నుదుటి మీద నొక్కు పడకూడదు. అంతే గానీ హెల్మెట్ మానేయకండి. బీచ్ రోడ్డులోనైనా సరే.

ఆఫీసులో ల్యాప్‌టాప్ బల్ల మీద ఉంటే మెడ ఎనిమిది గంటలూ వంగే ఉంటుంది. స్టాండు మీద పెట్టి తెర పై అంచు కళ్ల ఎత్తులో, మూర దూరానికి తగ్గకుండా ఉంచండి. కీబోర్డు విడిగా తెచ్చుకోండి. అరగంటకోసారి లేచి రెండు నిమిషాలు భుజాలు తిప్పండి. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు గారు మొదలుపెట్టిన అమృతాంజనం రాసుకున్నా తప్పులేదు. మెంథాల్ చల్లదనం ఈ రకం నొప్పికి నిజంగానే హాయినిస్తుంది. కర్పూరం ఉన్న ఏ బామ్ అయినా రెండేళ్ల లోపు పిల్లలకు అందనివ్వకండి. శొంఠి పట్టు వేసుకుంటే చురుక్కుమనగానే కడిగేయండి, చర్మం కాలిన కేసులు వస్తుంటాయి. నెలలో 15 రోజులకు పైగా ఇలాగే ఉంటే డాక్టరు దగ్గర అమిట్రిప్టిలిన్ గురించి మాట్లాడాలి.

ప్రశ్న: పదేళ్లుగా సైనస్ తలనొప్పి. ఆవిరి పడతాను, యాంటీబయాటిక్ వాడితే నాలుగు రోజులు బాగుంటుంది. ఆపరేషన్ చేయించుకోమంటున్నారు.
— సీతమ్మధార

ఆపరేషన్‌కు ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: నొప్పి వచ్చినప్పుడు చిక్కటి పచ్చని చీమిడి, ముక్కు దిబ్బడ, వాసన తెలియకపోవడం ఉంటున్నాయా? లేకుండా వికారం, వెలుతురు పడకపోవడం ఉంటే అది చాలావరకు మైగ్రేనే. మైగ్రేన్‌లో కూడా ముక్కు కారుతుంది, కళ్లు చెమ్మగిల్లుతాయి, బుగ్గల దగ్గర బరువుంటుంది. అందుకే పొరపాటు పడతారు. నాలుగు రోజుల్లో తగ్గింది యాంటీబయాటిక్ వల్ల కాకపోవచ్చు. మైగ్రేన్ మూడు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. నరాల డాక్టరుకు కూడా ఒకసారి చూపించుకున్నాకే ఆపరేషన్ సంగతి.

ప్రశ్న: మా నాన్నగారికి 71. గుండె జబ్బుకు రక్తం పలచబడే మాత్ర వాడుతున్నారు. మూడు వారాల కిందట బాత్‌రూమ్‌లో జారారు, అప్పుడేం కాలేదు. ఇప్పుడు తల బరువంటున్నారు, ఎక్కువగా నిద్రపోతున్నారు. ఆగి చూడొచ్చా?
— భీమిలి

ఆగకండి, ఈ రోజే సీటీ స్కాన్ తీయించండి. వయసుతో మెదడు కొంచెం కుంచించుకుంటుంది, దానికీ పుర్రెకూ మధ్యనున్న సన్న సిరలు సాగి ఉంటాయి. చిన్న దెబ్బకే అవి చిట్లి, చుక్క చుక్కగా వారాల తరబడి రక్తం చేరుతుంది. నొప్పి తక్కువే ఉంటుంది. మతిమరుపు, మగత, నడకలో తూలు ముందు కనిపిస్తాయి. "వయసైపోయింది" అనుకుని వదిలేయడం వల్లే ఆలస్యమవుతుంది. సమయానికి పట్టుకుంటే చాలామందికి పుర్రెకు చిన్న రంధ్రం చేసి రక్తం తీసేస్తే సరిపోతుంది. పలచబడే మాత్ర ఆపాలా వద్దా అన్నది మీరు నిర్ణయించకండి, స్ట్రిప్పు తీసుకెళ్లి చూపించండి.

వెంటనే 108కి ఫోన్ చేయాల్సిన తలనొప్పులు ఇంకొన్ని ఉన్నాయి. పిడుగు పడ్డట్టు ఒక్క నిమిషంలోనే శిఖరానికి చేరే నొప్పి మెదడులో రక్తనాళం చిట్లడం వల్ల కావచ్చు. ఆరు గంటలలోపు తీసిన సీటీ దీన్ని బాగా పట్టిస్తుంది. ఆలస్యమైతే సీటీ బాగున్నా వెన్ను నీరు పరీక్ష చేయాల్సి వస్తుంది. మూతి వంకరపోవడం, మాట తడబడడం, చెయ్యి పడిపోవడం ఉంటే పక్షవాతం. గడ్డ కరిగించే ఇంజెక్షన్ 4.5 గంటలలోపే ఇవ్వగలరు. కాబట్టి ఆ లక్షణాలు ఎన్నింటికి మొదలయ్యాయో గడియారం చూసి రాసుకోండి. దారిలో ఆస్పిరిన్ వేయకండి, రక్తస్రావమైతే ప్రాణం మీదికి వస్తుంది. నోట్లో నీళ్లు పోయకండి, వాంతి అవుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మధ్యలో చిన్న క్లినిక్‌లు తిరగకుండా మహారాణిపేట కేజీహెచ్‌కో, రాత్రిపూట కూడా సీటీ ఉండే మరో పెద్ద ఆసుపత్రికో నేరుగా వెళ్లండి.

యాభై దాటాక మొదటిసారి వచ్చిన తలనొప్పిని కూడా చూపించుకోవాల్సిందే. దువ్వుకుంటే మాడు నొప్పి, నమిలితే దవడ నొప్పి ఉంటే కణతల రక్తనాళాల వాపు కావచ్చు. మనవాళ్లలో ఇది అరుదు, కానీ చూపు పోగొడుతుంది. కన్ను ఎర్రబడి, దీపం చుట్టూ రంగు వలయాలు కనిపించి, వాంతులైతే కంటి ఒత్తిడి ఒక్కసారిగా పెరిగినట్టు. ఆ రోజే కంటి ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు, 24 కిలోలు. వారానికోసారి స్కూలు నుంచి వచ్చి తల పట్టుకుంటాడు. పావు పవరు ఉందని కళ్లజోడు వేయించాం. తగ్గలేదు.
— ఆరిలోవ

పావు పవరుకు తలనొప్పి రాదు. చూపు వల్ల వచ్చే నొప్పి చదివేకొద్దీ మెల్లగా వస్తుంది, చదవడం ఆపితే పోతుంది. పిల్లల్లో మైగ్రేన్ రెండు పక్కలా నుదుటి మీద వస్తుంది, రెండు గంటలే ఉండవచ్చు. మొహం పాలిపోతుంది, వాంతి చేసుకుంటాడు, నిద్రపోయి లేస్తే ఏమీ జరగనట్టు ఆడుకుంటాడు. అరకు ఘాట్ రోడ్డులో వాంతులయ్యే పిల్లల్లో ఇది ఎక్కువ కనిపిస్తుంది. ఉదయం ఏం తిని బస్సెక్కుతున్నాడో, నీళ్ల సీసా నిండుగా తిరిగొస్తోందా, రాత్రి కనీసం తొమ్మిది గంటలు నిద్రపోతున్నాడా, ఇవి ముందు చూడండి.

నొప్పి వచ్చినప్పుడు పారాసిటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాములు. 24 కిలోలకు 360. ఐదు మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములు ఉన్న సిరప్ అయితే 7 మిల్లీలీటర్లు. సీసా మీద అంకె చూడకుండా "ఒక మూత" పోయకండి. 120, 125, 250 ఇలా రకరకాల బలాలున్నాయి. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వకూడదు. తెల్లవారుజామున నొప్పితో లేచి వాంతి చేసుకోవడం, నడక తూలడం, కొత్తగా మెల్ల రావడం, చదువు ఒక్కసారిగా జారిపోవడం ఉంటే వాయిదా వేయకుండా నరాల డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: మా ఆయనకు 38, పోర్టులో పని. రెండు వారాలుగా రాత్రి రెండింటికి కుడి కంటి వెనక పొడిచి నిద్ర లేపుతోంది. ఆ కన్ను నీరు కారుతుంది, ముక్కు మూసుకుపోతుంది. గదిలో పచార్లు చేస్తారు, గంటలో తగ్గుతుంది. పన్ను కూడా పీకించారు.
— మల్కాపురం

ఇది క్లస్టర్ తలనొప్పి కావచ్చు. మైగ్రేన్ వచ్చినవాళ్లు కదలకుండా పడుకుంటారు. ఇది వచ్చినవాళ్లు కూర్చోలేరు. ఒక్కోటి 15 నిమిషాల నుంచి 3 గంటలు, కొందరికి రోజుకు ఎనిమిది సార్లు కూడా వస్తుంది. వారాల పాటు ఒకే వేళకు వచ్చి, తర్వాత నెలల తరబడి మాయమవుతుంది. పారాసిటమాల్ పట్టేలోపే నొప్పి అయిపోతుంది గనక మాత్రలతో లాభం లేదు. మంచి మందు ఆక్సిజన్: నిమిషానికి 12 నుంచి 15 లీటర్లు, సంచి ఉన్న మాస్కుతో, కూర్చుని 15 నిమిషాలు. ముక్కులో పెట్టే సన్న గొట్టాలతో ఇంత ప్రవాహం రాదు. డాక్టరు రాస్తే సిలిండరు ఇంట్లో పెట్టుకోవచ్చు. ఆ గదిలో బీడీ, దీపం, పొయ్యి ఉండకూడదు. సుమాట్రిప్టాన్ ఇంజెక్షన్ కూడా పనిచేస్తుంది, గుండె జబ్బు లేదని తేల్చుకున్నాక. రాకుండా ఆపడానికి వెరాపమిల్ ఇస్తారు, మోతాదు పెంచినప్పుడల్లా ఈసీజీ తీస్తూ. నొప్పి వస్తున్న ఆ వారాల్లో మద్యం ఒక్క పెగ్గు కూడా నొప్పిని రేపుతుంది. మైగ్రేన్‌లా కాకుండా దీనికి మొదటిసారి ఎంఆర్ఐ తీయించడం మంచిది. పళ్లు ఇక పీకించకండి.

ప్రశ్న: వానాకాలంలో జ్వరంతో తలనొప్పి వస్తే?
— కంచరపాలెం

డెంగీ కాదని తేలేదాకా పారాసిటమాల్ ఒక్కటే. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచుతాయి. జ్వరం దిగాక కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం వస్తే ఆసుపత్రిలో చేరాలి. పాడేరు, అరకు వైపు వెళ్లి వచ్చినవాళ్లు మలేరియా పరీక్ష చేయించుకోండి. చంకల్లో, గజ్జల్లో నల్లటి పొక్కు కనిపిస్తే చిన్న పురుగు కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం కావచ్చు, డాక్టరుకు చూపించండి. గడ్డం ఛాతీకి ఆననంతగా మెడ బిగుసుకున్నా, మాట పొంతన లేకపోయినా అది మెదడు పొరల వాపు కావచ్చు, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: కార్తీక సోమవారాలు ఉపవాసం ఉంటాను. సాయంత్రానికి తల పేలిపోతుంది. ఉపవాసం మానేయాలా?
— డాబా గార్డెన్స్

మానక్కర్లేదు, రోజూ ఎన్ని కాఫీలు తాగుతారో చూడండి. మూడు నాలుగు తాగే మనిషి ఒక్కసారి ఆపితే 24 గంటలలోపే తల పట్టుకుంటుంది, అది వారం కూడా ఉండవచ్చు. కార్తీకానికి పది రోజుల ముందు నుంచే మూడు రోజులకోసారి, రోజూ తాగేదాంట్లో పావు వంతు చొప్పున తగ్గించుకుంటూ రండి. నియమం ఒప్పుకుంటే మధ్యాహ్నం పాలు, అరటిపండు తీసుకోండి, నీళ్లు మానకండి. మైగ్రేన్ ఉన్నవాళ్లకు ఎనిమిది గంటలు దాటిన ఖాళీ కడుపు చాలు నొప్పి రేపడానికి. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండకండి. వాళ్లకు వచ్చే తలనొప్పి, చెమటలు షుగరు పడిపోయిన గుర్తు కావచ్చు. అప్పుడు నక్షత్ర దర్శనం దాకా ఆగకుండా మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి, పావుగంట తర్వాత షుగరు మళ్లీ చూసుకోవాలి.